కారణం చెప్పి కాదనండి

మైక్రోసాఫ్ట్ ఎక్స్చేంజ్ సర్వరులో కొలువుదీరిన భద్రతా అనుమతుల వారికి,

తమరు క్షేమంగా ఉండాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. ఇది మర్యాద కోసం రాసిన మాట కాదు. తమరి క్షేమం మీదే ఒక సంస్థలో పనిచేసేవారందరి ఉత్తరాల గుట్టూ ఆధారపడి ఉంది.

నేను తమరికి కొత్తవాణ్ణి కాను. ఈమెయిల్ సర్వర్ల నిర్వహణకు ప్రోగ్రాములు రాయడం నా వృత్తి. కొత్త ఉద్యోగి చేరితే మెయిల్‌బాక్స్ తెరవాలి. మానేసినవారిది మూయాలి. నిండిపోయినవారికి కోటా పెంచాలి. బదిలీ అయినవారిని ఒక గ్రూపులోంచి తీసి ఇంకో గ్రూపులో చేర్చాలి. పదిమంది ఉన్నచోట ఇవన్నీ చేత్తో చేసుకోవచ్చు, వేలమంది ఉన్నచోట ప్రోగ్రామే చేయాలి. ఆ ప్రోగ్రాము వేసే ప్రతి అడుగుకూ తమరు సరేననాలి. అమీర్‌పేటలో కోర్సులు చేసి, రాత్రి షిఫ్టుల్లో కూర్చుని అమెరికా కంపెనీల సర్వర్లు చూసుకునే మన పిల్లలు ఎందరో తమరి గుమ్మంలో రోజూ నిలబడతారు. వాళ్ళ తరఫున కూడా ఈ లేఖ రాస్తున్నాను.

ముందు తమరి మేలు చెప్పుకోవాలి. పోస్టాఫీసు నడిపే అధికారం ఉన్నంత మాత్రాన పోస్టుమాస్టరు కవర్లు చించి చదవకూడదు. ఈ న్యాయాన్ని తమరు మొదటినుంచీ పాటించారు. ఎక్స్చేంజ్ 2000లోనూ 2003లోనూ డొమైన్ అడ్మిన్స్, ఎంటర్‌ప్రైజ్ అడ్మిన్స్ అనే పెద్ద అడ్మినిస్ట్రేటర్ల గ్రూపులకు మిగతా పెత్తనమంతా ఇచ్చినా, ఒకరి మెయిల్‌బాక్సు తెరిచే ‘రిసీవ్ యాజ్’ హక్కునూ, ఒకరి పేరుతో ఉత్తరం పంపే ‘సెండ్ యాజ్’ హక్కునూ పైస్థాయిలోనే నిషేధించి పెట్టారు. సర్వరునే ఆపేయగలిగినవాడు కూడా, ఆ నిషేధాన్ని పనిగట్టుకుని ఎత్తేస్తే తప్ప, పక్కవాడి ఉత్తరం చదవలేడు. ఇంత మంచి నియమం పెట్టినవారికి నేనేమీ నేర్పనక్కర్లేదు. అయినా చాలాకాలంగా మనసులో పెట్టుకున్న కొన్ని సంగతులు చెప్పక తప్పడం లేదు.

మొదటిది పాతది. ఎక్స్చేంజ్ 2000తో సీడీవోఈఎక్స్‌ఎం అనే లైబ్రరీ వచ్చింది. నిర్వహణ పనులను ప్రోగ్రాములోంచి చేసుకోవడానికి దాన్ని ఇచ్చారు. అప్పట్లో ప్రతి కంపెనీకీ ఒకే కోరిక ఉండేది: హెచ్‌ఆర్ విభాగంవారు వెబ్ పేజీలో పేరు కొట్టి బటన్ నొక్కితే మెయిల్‌బాక్స్ తయారవ్వాలి. ప్రోగ్రామరు తన కంప్యూటరులో నడిపి చూసుకుంటే చక్కగా తయారయ్యేది. అదే ప్రోగ్రామును వెబ్ సర్వరు మీద పెట్టగానే 80070005 వచ్చేది. యాక్సెస్ ఈజ్ డినైడ్. అంతే, ఇంకో మాట ఉండదు.

ఎందుకు కాదన్నారో ఇప్పుడు నేను చెప్పగలను. ప్రోగ్రామరు కంప్యూటరులో ఆ ప్రోగ్రాము ప్రోగ్రామరు పేరు మీద నడిచింది. ఐఐఎస్ 5 అనే వెబ్ సర్వరు మీద ఏఎస్‌పీ డాట్‌నెట్ పేజీ మాత్రం ‘ఏఎస్‌పీనెట్’ అనే స్థానిక ఖాతా పేరు మీద నడిచేది. ఆ ఖాతా ఆ యంత్రం గడప దాటితే ఎవరికీ తెలియదు, సంస్థ నెట్‌వర్కు అంతటికీ చెల్లే డొమైన్‌లో దానికి ఊరూ పేరూ లేవు. పోనీ పేజీ తెరిచిన మనిషి గుర్తింపునే ముందుకు పంపుదామంటే, బ్రౌజరు నుంచి వెబ్ సర్వరు దాకా వచ్చిన గుర్తింపు అక్కడినుంచి ఖాతాలను సరిచూసే డొమైన్ కంట్రోలరు దగ్గరికి పోదు. గుర్తింపును ముందుకు పంపనిచ్చే ‘కెర్బెరోస్ డెలిగేషన్’ ఇస్తే పోతుంది. విండోస్ 2000లో ఆ డెలిగేషన్ ఇస్తే ఏ సేవ దగ్గరికైనా పొమ్మని ఇచ్చినట్టే. ఫలానా సేవ వరకే అని హద్దు గీసే వీలు విండోస్ సర్వర్ 2003తో గానీ రాలేదు.

ఇందులో ఒక్క ముక్కైనా తమరు చెప్పారా? వచ్చింది ఎవరి పేరు మీదో, తట్టింది ఏ తలుపో, తక్కువైంది ఏ హక్కో, మూడూ తమరికి తెలుసు. కాదనే నిర్ణయం తీసుకోవాలంటే ఆ మూడూ తెలియాలి కదా! తెలిసి కూడా ఎనిమిది అంకెలు చేతిలో పెట్టి పంపేశారు.

ఆ తర్వాత జరిగింది తమరు చూశారు. వెబ్ కాన్ఫిగ్ ఫైలులో ‘ఐడెంటిటీ ఇంపర్సనేట్’ అనే వరుస ఉంటుంది. అందులో డొమైన్ అడ్మినిస్ట్రేటరు పేరూ పాస్‌వర్డూ ఎవరైనా చదవగలిగేలా రాసేసేవారు. పేజీ పనిచేసేది, అందరూ ఇళ్ళకు వెళ్ళేవారు. నిజానికి మెయిల్‌బాక్స్ తెరవడానికి ఎంత హక్కు కావాలి? ఎక్స్చేంజ్ వైపు ‘వ్యూ ఓన్లీ అడ్మినిస్ట్రేటర్’ అనే అన్నిటికన్నా చిన్న పాత్ర, ఖాతాలన్నీ ఉండే యాక్టివ్ డైరెక్టరీ వైపు ఆ ఉద్యోగుల ఖాతాల మీద రాసే హక్కు. ఈ రెండూ ఉంటే అప్పట్లో సరిపోయేది. చిన్న తాళంచెవి చాలుననే మాట ఆ 80070005 పక్కన ఒక్క వరుసలో రాసి ఉంటే, రాజ్యం మొత్తం తాళాలగుత్తి ఆ ఫైలులోకి వెళ్ళేది కాదు.

అదే కాలంలో డాట్‌నెట్‌లో కోడ్ యాక్సెస్ సెక్యూరిటీ అని ఇంకో కాపలా ఉండేది. మనిషికి హక్కు ఉన్నా, ప్రోగ్రాము ఎక్కడినుంచి వచ్చిందో అడిగేది. నెట్‌వర్క్ షేరు మీద ఉన్న ప్రోగ్రాముకు ఒక న్యాయం, దాన్నే సి డ్రైవులోకి కాపీ చేసుకుంటే ఇంకో న్యాయం. 2008లో డాట్‌నెట్ 3.5 సర్వీస్ ప్యాక్ 1తో షేరు మీదున్న ప్రోగ్రాములకూ పూర్తి నమ్మకం ఇచ్చేశారు, 2010లో డాట్‌నెట్ 4తో ఆ విధానాన్నే పక్కన పెట్టారు. కాబట్టి దాని గురించి ఇక వాదించను.

రెండోదిగా ఎక్స్చేంజ్ 2010 మాట చెప్పాలి. అందులో తమరు రూపం మార్చుకుని, పాత్రల మీద నడిచే కొత్త పద్ధతిలో వచ్చారు. ఎవరు, ఏ పని, ఎంత మేర అని మూడు ప్రశ్నలు. ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం. ఉన్న పాత్రలోంచి పిల్ల పాత్ర తయారుచేస్తే, తల్లి పాత్రలో లేని కమాండు పిల్ల పాత్రలోకి ఎన్నటికీ రాదు. ఒక జిల్లా మెయిల్‌బాక్సుల వరకే ఒకరికి అధికారం ఇవ్వాలంటే ఇవ్వవచ్చు. ఇంత పొందికైన ఏర్పాటు తెలిసినవాళ్ళు చేసినదే.

అయితే ఈ రూపంలో తమరు కాదనడం కూడా మానేశారు. హక్కు లేని కమాండు సెషన్‌లోకే రాదు. సర్వీస్ ప్యాక్ 1తో ‘న్యూ-మెయిల్‌బాక్స్‌ఎక్స్‌పోర్ట్‌రిక్వెస్ట్’ అనే కమాండు వచ్చింది, మెయిల్‌బాక్సును ఒక ఫైలుగా బయటికి తీయడానికి. దానికి ‘మెయిల్‌బాక్స్ ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్’ పాత్ర కావాలి. ఆ పాత్రను మొదట ఎవరికీ ఇవ్వరు, సంస్థ మొత్తానికి పెద్ద అయిన ‘ఆర్గనైజేషన్ మేనేజ్‌మెంట్’ గ్రూపుకైనా సరే. ఆ జాగ్రత్త నాకు నచ్చింది. కానీ పెద్ద అడ్మినిస్ట్రేటరు ఆ కమాండు కొడితే వచ్చే జవాబు ఏమిటి? అలాంటి పేరుతో కమాండే లేదని! అనుమతి లేదని చెప్పరు, వస్తువే లేదంటారు. కొట్టినవాళ్ళు అక్షరాలు తప్పు పడ్డాయేమోనని మళ్ళీ కొడతారు. మాడ్యూలు లోడు కాలేదేమోనని వెతుకుతారు. సర్వీస్ ప్యాకు సరిగ్గా పడలేదేమోనని సర్వరును అనుమానిస్తారు. ఎవరో చెబితే పాత్ర ఇచ్చుకుంటారు. అప్పటికీ పాత సెషన్‌లో కనిపించదు, మూసి మళ్ళీ తెరవాలి. అదీ ఎవరో చెప్పాల్సిందే.

ఇక గంట గంటకూ మాట మార్చే సంగతి. యాక్టివ్ డైరెక్టరీలో అడ్మిన్ఎస్‌డీహోల్డర్ అనే ఆబ్జెక్టు ఒకటుంది. డొమైన్ అడ్మిన్స్ వంటి రక్షిత గ్రూపుల్లో ఉన్నవారి ఖాతాల మీద ఎవరూ చెయ్యి వేయకుండా, ప్రతి 60 నిమిషాలకూ ఒకసారి ఆ ఖాతాల హక్కుల పట్టికను దీని పట్టికతో తిరగరాస్తారు, పైనుంచి వారసత్వంగా వచ్చే హక్కులను తెంపేస్తారు. ఎక్స్చేంజ్ సర్వరుకు ఆ ఖాతాల మీద ఉన్న హక్కు కూడా వారసత్వంగా వచ్చిందే కాబట్టి అదీ తెగిపోతుంది. మెయిల్‌బాక్సులో ఏదో మార్చబోతే చాలినంత హక్కు లేదని వస్తుంది, లేదా ఆ మనిషి ఫోనులో మెయిల్ కలవదు. అడ్మినిస్ట్రేటరు వెతికి వెతికి వారసత్వం గడిలో టిక్కు పెడితే పని జరుగుతుంది. సంతోషంగా టికెట్ మూసేస్తారు. గంట తిరిగేసరికి టిక్కు ఉండదు.

ఇది కూడా మంచి ఉద్దేశంతో పెట్టినదే, ఒప్పుకుంటాను. కానీ ఆ మనిషిని రక్షిత గ్రూపులోంచి తీసేసినా ఖాతా మీద ‘అడ్మిన్‌కౌంట్’ అనే గుర్తు 1 గానే మిగిలిపోతుంది, తెగిన వారసత్వం తెగే ఉంటుంది. ఎప్పుడో కొన్నాళ్ళు అడ్మిన్‌గా పనిచేసి వేరే విభాగానికి వెళ్ళిపోయినవారి మెయిల్‌బాక్సు దగ్గర ఈరోజు ప్రోగ్రాము ఆగిపోతుంది. ఆ పాత కథకూ ఈ ఎర్రర్ సందేశానికీ సంబంధం ఉందని ఎవరు ఊహిస్తారు? మీరు చెప్పరు.

అవును, మీరు అంటున్నాను. తమరు అని రాసే ఓపిక ఇక్కడికి సరిపోయింది.

మీ పరువు కోసం నేను చేసినవి కూడా గుర్తుచేయాలి. ఒక కార్యాలయంలో బ్యాకప్ సాఫ్ట్‌వేర్ పెట్టడానికి వచ్చినవారు, సర్వీస్ ఖాతాకు డొమైన్ అడ్మిన్ హక్కు ఇస్తేనే తమ సాఫ్ట్‌వేర్ నడుస్తుందన్నారు. నేను ఒప్పుకోలేదు. వాళ్ళ పత్రాలే చదివి, ప్రయోగశాలలో ఒక్కొక్క హక్కూ తీసి చూసి, నిజంగా కావలసినవి ఏవో జాబితా కట్టాను. పని ఆలస్యమైందని పై అధికారి దగ్గర మాట పడ్డాను. ఆ ఖాతాతో ఎవరూ కంప్యూటరు ముందు కూర్చుని లాగిన్ కాకుండా కట్టడి చేశాను. ఇచ్చిన ప్రతి హక్కుకూ ఎందుకిచ్చామో, ఎవరడిగారో, ఎప్పుడు తీసేయాలో పక్కనే రాయించాను. కొత్తగా వచ్చిన పిల్లలకు, పని జరగడం లేదని పెద్ద గ్రూపులో చేర్చేయకండి, ఏ హక్కు తక్కువైందో వెతకండి అని చెబుతూనే వచ్చాను. మా ప్రోగ్రాము మీ ముందు ఎంత చిన్న హక్కుతో నిలబడగలదో అంత చిన్న హక్కుతోనే నిలబెట్టాను. మీమీద గౌరవం ఉండబట్టే ఇదంతా చేశాను.

మరి మీరేం చేశారు?

2019 జనవరిలో డర్క్-యాన్ మోలెమా అనే నెదర్లాండ్స్ పరిశోధకుడు మీ ఇంటి గుట్టు ఒకటి బయటపెట్టారు. ఎక్స్చేంజ్ పెట్టినచోట ‘ఎక్స్చేంజ్ విండోస్ పర్మిషన్స్’ అనే గ్రూపు ఉంటుంది. దానికి డొమైన్ మొత్తం మీద హక్కుల పట్టికను తిరగరాసే హక్కు ఇచ్చి ఉండేది. ఎక్స్చేంజ్ సర్వర్లు ‘ట్రస్టెడ్ సబ్‌సిస్టమ్’ అనే గ్రూపు ద్వారా అందులో సభ్యులు. మామూలు మెయిల్‌బాక్సు ఉన్న ఏ ఉద్యోగైనా, కొత్త మెయిల్ వస్తే కబురు పంపమని సర్వరును ఫలానా చిరునామాకు పిలవగలిగేవాడు. సర్వరు అక్కడికి వెళ్ళి తన గుర్తింపు చూపించేది. ఆ గుర్తింపును పట్టుకుని డొమైన్ కంట్రోలరు వైపు మళ్ళిస్తే, డొమైన్‌లోని పాస్‌వర్డు హాష్‌లన్నీ తెచ్చుకునే హక్కును ఆ ఉద్యోగి తన పేరు మీదే రాసుకోగలిగేవాడు. ఒక్క మెయిల్‌బాక్స్ తెరవడానికి వచ్చిన మా ప్రోగ్రామును ఎనిమిది అంకెలతో గుమ్మంలోంచే తిప్పి పంపిన మీరు, మొత్తం డొమైన్‌ను తిరగరాసే అధికారాన్ని ఒక మెయిల్ సర్వరు చేతిలో అన్నేళ్ళు ఉంచారు. ఫిబ్రవరిలో దిద్దుబాటు విడుదల చేసి ఆ హక్కులు తగ్గించారు. అంటే అంత హక్కు లేకపోయినా సర్వరు పనిచేస్తుందన్నమాటే కదా!

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో సీవీఈ-2020-0688 అనే లోపం బయటపడింది. నిర్వహణ కోసం ఇచ్చిన వెబ్ కంట్రోల్ ప్యానెల్‌లో, వచ్చిన సమాచారం అసలైనదో కాదో సరిచూసే రహస్య తాళంచెవి ఒకటి ఉంటుంది. ప్రపంచంలో ఎక్కడ ఎక్స్చేంజ్ పెట్టినా ఆ తాళంచెవి ఒకటే ఉండేది. ఒక్కో సర్వరుకు ఒక్కోటి తయారుచేయాల్సింది, చేయలేదు. ఏదో ఒక మెయిల్‌బాక్సు పేరూ పాస్‌వర్డూ దొరికినవాడు సర్వరు మీద తన కోడును సిస్టమ్ స్థాయిలో నడపగలిగాడు. మా ప్రోగ్రాములకు ఆ స్థాయి ఎప్పుడూ ఇవ్వలేదు, మేము అడగనూ లేదు. 2021 మార్చిలోనైతే పేరూ పాస్‌వర్డూ కూడా అవసరం లేకుండానే దొంగలు లోపలికి వచ్చారు. మార్చి 3న అమెరికా సైబర్ భద్రతా సంస్థ తమ ప్రభుత్వ కార్యాలయాలకు అత్యవసర ఆదేశం ఇచ్చింది. వాళ్ళు వదిలివెళ్ళిన ‘వెబ్ షెల్’ అనే దొంగ ప్రోగ్రాములను ఏప్రిల్‌లో కోర్టు అనుమతితో ఎఫ్‌బీఐ వారే కొన్ని వందల సర్వర్ల నుంచి తొలగించాల్సి వచ్చింది.

అన్నిటికన్నా నన్ను బాధించినది 2024 జనవరిలో బయటపడింది. మిడ్‌నైట్ బ్లిజార్డ్ అని పిలిచే ముఠా సాక్షాత్తూ మైక్రోసాఫ్ట్ ఉత్తరాలు చదివింది. 2023 నవంబరు చివర్లో పరీక్షల కోసం ఎప్పుడో పెట్టి వదిలేసిన ఒక ఖాతాకు, రెండో గుర్తింపు అడగని ఖాతాకు, పాస్‌వర్డు ఊహించి లోపలికి వచ్చారు. అక్కడ పాత పరీక్షా యాప్ ఒకటి పడి ఉంది. దానికి అసలు కార్పొరేట్ వ్యవస్థలో పెద్ద హక్కులున్నాయి. దాని ఆసరాతో కొత్త యాప్‌లు పెట్టి, వాటికి ఎక్స్చేంజ్ ఆన్‌లైన్‌లో ‘ఫుల్ యాక్సెస్ యాజ్ యాప్’ అనే పాత్ర ఇచ్చుకున్నారు. అంటే ఏ మెయిల్‌బాక్సైనా తెరవవచ్చు. పై అధికారుల ఉత్తరాలూ, భద్రతా విభాగంవారివీ, న్యాయ విభాగంవారివీ పోయాయి. మిమ్మల్ని తయారుచేసిన వారి ఇంట్లోనే, ఎవరికీ గుర్తులేని యాప్‌కు ఇచ్చిన హక్కు ఎవరూ తీసేయక అలాగే ఉండిపోయింది. నాడు పోస్టుమాస్టరుకే నిషేధించిన హక్కు, ఏ మెయిల్‌బాక్సైనా తెరిచే హక్కు, అలా దొంగల చేతికి పోయింది!

ఇప్పుడు మేఘంలో, అంటే క్లౌడ్‌లో, మామూలు పనులకూ అదే తీరు. ఒక చిన్న ప్రోగ్రాము ఒక్క సహాయ కేంద్రం మెయిల్‌బాక్సు చదవాలి. దానికి మెయిల్ చదివే అప్లికేషన్ అనుమతి ఇస్తే, సంస్థలోని మెయిల్‌బాక్సులన్నిటికీ ఇచ్చినట్టే. ఆ ఒక్కదానికే పరిమితం చేసే మార్గం ఉంది, కానీ అది ఇంకోచోట ఉంటుంది, విడిగా నేర్చుకుని చేయాలి. అనుమతి ఇచ్చే తెర మీదే ‘ఎవరెవరి మెయిల్‌బాక్సులు?’ అని ఎందుకు అడగరు?

అందుకే ఈ విన్నపాలు. కాదనండి, తప్పకుండా కాదనండి. కారణం చెప్పి కాదనండి. కారణం చెబితే దొంగకు దారి చూపినట్టవుతుందని మీరు అనవచ్చు. అప్పుడు వచ్చినవాడికి చెప్పకండి, సర్వరు లాగ్‌లో అడ్మినిస్ట్రేటరుకు మాత్రమే కనిపించేలా రాయండి. ఇది అయ్యే పనేనని మీ ఇంటివాళ్ళే నిరూపించారు. అజూర్‌లో అనుమతి లేకపోతే, ఫలానా ఖాతాకు ఫలానా వనరు మీద ఫలానా పని చేసే హక్కు లేదని మూడు పేర్లూ స్పష్టంగా చెబుతారు. అది చదివినవాడు ఆ ఒక్క హక్కే అడుగుతాడు, ఆ ఒక్కటే పొందుతాడు. మాకూ అదే కావాలి. రెండోది, యాప్‌కు ఇచ్చే ప్రతి పెద్ద హక్కుకూ గడువు పెట్టండి. వాడనిది దానంతటదే పోవాలి, కావలసినవాళ్ళు మళ్ళీ వచ్చి అడుగుతారు.

మెయిల్ సర్వర్లు చూసుకునే మిత్రులకు కూడా ఇదే లేఖలో ఒక మాట. సొంత సర్వరు ఉంటే ‘గెట్-మేనేజ్‌మెంట్‌రోల్‌అసైన్‌మెంట్’ నడిపి, ఇంకొకరి మెయిల్‌బాక్సును వారి పేరు మీదే తెరవనిచ్చే ‘అప్లికేషన్ ఇంపర్సనేషన్’, ‘మెయిల్‌బాక్స్ ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్’ పాత్రలు ఎవరెవరి చేతుల్లో ఉన్నాయో చూడండి. మేఘంలో ఉంటే, ఏయే యాప్‌లకు అందరి మెయిల్‌బాక్సుల మీదా హక్కు ఉందో జాబితా తీయండి. ఎందుకిచ్చారో ఎవరూ చెప్పలేని పేరు కనిపిస్తే, ఆ హక్కును ఈ వారంలోనే తీసేయండి.

ఇట్లు,
తమరి విధేయుడు,
ఒక మెయిల్ సర్వర్ నిర్వాహకుడు